అత్త సొమ్ము, అల్లుడి దానం

2007 నవంబరులో, వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూత్రీసీ సంస్థ ఒక చిన్న పత్రం బయటపెట్టింది. పేరు ‘హెచ్‌టీఎంఎల్ డిజైన్ ప్రిన్సిపుల్స్’. వెబ్‌పేజీలు రాసే భాషని ఇకమీద ఎలా పెంచాలి, దేన్ని కదపకూడదు అని చెప్పే పొడిపొడి సూత్రాల జాబితా. అందులో ఒక్క సూత్రం మాత్రం ఇంజినీర్లు రాసినట్టు ఉండదు, ఏదో ధర్మశాస్త్రంలోంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. దాని సారాంశం ఇదీ: ఒకరి అవసరానికీ ఇంకొకరి అవసరానికీ తగువు వస్తే, ముందు పేజీ వాడేవాళ్ళ మాట చెల్లాలి. తర్వాత పేజీ తయారుచేసేవాళ్ళది. ఆ తర్వాత బ్రౌజర్ రాసేవాళ్ళది. వాళ్ళ తర్వాతే ప్రమాణాలు రాసేవాళ్ళది. సిద్ధాంతం శుద్ధంగా ఉందా లేదా అన్నది అన్నిటికంటే ఆఖర్న.

ఈ వరసలో నాకు బాగా నచ్చేది, రాసినవాళ్ళు తమని తాము ఎక్కడ పెట్టుకున్నారన్నది. వడ్డించేవాడు తన విస్తరి బంతి చివర వేసుకున్నట్టుంటుంది.

ఆ సూత్రం ఊరికే పుట్టలేదు. 2000 తర్వాత కొన్నేళ్ళపాటు ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ అనే క్రమశిక్షణ గల భాష వెబ్‌ని ఏలుతుందని చాలామంది నమ్మారు. పాత హెచ్‌టీఎంఎల్ గారాబం చేసే అమ్మమ్మ లాంటిది. ట్యాగు తెరిచి మూయడం మర్చిపోయినా బ్రౌజర్ ఏదో సర్దుకుని పేజీ చూపించేసేది. కొత్త భాషని కచ్చితంగా పాటిస్తే అలా కుదరదు. ఒక్క తప్పున్నా పేజీ చూపించడం ఆపేసి, ఫలానా వరసలో ఫలానా తప్పుంది అని బ్రౌజర్ చెప్పాలి. మాస్టారి పద్ధతి, వినడానికి బాగానే ఉంది. కానీ ఆ తప్పుల చీటీ కనబడేది ఎవరికి? రాసినవాడికి కాదు, వాడు ఆ పాటికి ఇంటికెళ్ళి పడుకుని ఉంటాడు. రైలు టైము చూసుకుందామని పేజీ తెరిచిన మనిషికి. తప్పు ఒకడిది, గోడకుర్చీ ఇంకొకడికి. 2004లో ఆపిల్, మొజిల్లా, ఒపెరా వాళ్ళు విడిగా ఒక జట్టు కట్టి పాత భాషనే బాగుచేసే పని మొదలుపెట్టారు. 2009లో డబ్ల్యూత్రీసీ ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ రెండో కూర్పు పని ఆపేసింది. ఇవాళ మనం వాడేది ఆ జట్టు బాగుచేసిన అమ్మమ్మనే.

పన్నెండేళ్ళుగా వెబ్‌సైట్లు కట్టి జీతం తీసుకుంటున్నాను. ఈ పన్నెండేళ్ళలో ఒక పనిముట్టు గెలవడం ఆ వరస ప్రకారం జరగడం నేను చూడలేదు. దాదాపు ప్రతిసారీ మొదటి రెండు స్థానాలూ తారుమారయ్యాయి. ఎందుకలా అవుతుంది, అది తప్పేనా, తప్పయితే ఎవరి తప్పు అన్నదే ఇక్కడ నా ప్రశ్న.

కొత్త పద్ధతులు జనంలోకి ఎలా పోతాయో పరిశీలించే శాస్త్రం ఒకటుంది. దానికి మూలపురుషుల్లాంటి ఇద్దరు, బ్రైస్ రయన్, నీల్ గ్రాస్, 1943లో అమెరికాలోని అయోవా రైతుల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం ఆ ఊళ్ళలోకి ఎలా వచ్చిందన్నది విషయం. 1928లో మొదలై 1941 కల్లా, వాళ్ళు చూసిన 259 మంది రైతుల్లో ఇద్దరు తప్ప అందరూ కొత్త విత్తనానికి మారారు. విత్తనం గురించి మొదట చెప్పింది ఎక్కువగా కంపెనీ ఏజెంట్లు, నమ్మించింది మాత్రం పక్క పొలం రైతు. 1962లో ఎవరెట్ రోజర్స్ ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి ఒక పుస్తకం రాశాడు. ముందు ఉత్సాహవంతులు, తర్వాత ఆలోచనాపరులు, తర్వాత మంది, చివర్న మొండివాళ్ళు అని ఒక గంట ఆకారపు గీత గీశాడు. మా ఆఫీసు స్లైడుల్లో ఆ గీత ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ‘ఇప్పుడు ఎక్కకపోతే చివరాఖర్న మిగిలిపోతాం’ అని భయపెట్టడానికే దాన్ని వాడతారు. కొత్తది వచ్చిందంటే అందరూ దాన్ని తీసుకోవాల్సిందే అని ముందే అనుకుని చూడటం తమ శాస్త్రానికే ఉన్న పక్షపాతం అని రోజర్స్ తనే రాసుకున్నాడు. ఆ ముక్క ఏ స్లైడులోనూ రాదు.

అయితే నన్ను ఆపేది గీత కాదు, ఆ రైతు. విత్తనం కొన్నది అతనే, చల్లింది అతని పొలంలోనే, దెబ్బతింటే ఖాళీగా ఉండేది అతని గాదే. నిర్ణయం, ఖర్చు, పంట మూడూ ఒకే ఇంట్లో ఉన్నాయి. వెబ్ పనిముట్ల దగ్గర ఈ మూడూ మూడు ఇళ్ళలో ఉంటాయి.

కొంచెం విడమరిచి చెప్పాలి. ఫ్రేమ్‌వర్క్ అంటే సైటు కట్టేవాడికి సగం కట్టి ఇచ్చిన ఇల్లు. తలుపులూ కిటికీలూ ముందే ఉంటాయి, వాడు గదులు సర్దుకుంటే చాలు. అందులో మోసమేమీ లేదు. కానీ చాలా ఫ్రేమ్‌వర్కులు పని చేసేది కట్టినవాడి కంప్యూటర్లో కాదు, చూసేవాడి ఫోన్లో. ఆ కోడంతా అతని ఫోను దించుకోవాలి, విప్పుకోవాలి, నడపాలి. డేటా ప్యాకు అతనిది, బ్యాటరీ అతనిది, ఎండలో నిలబడి తెల్లటి తెరని చూసే ఆ పది సెకన్లూ అతనివే. 2022లో హెచ్‌టీటీపీ ఆర్కైవ్ లెక్కల ప్రకారం మొబైల్ పేజీల మధ్యస్థ బరువు సుమారు 2 ఎంబీ, అంటే సగం పేజీలు అంతకంటే బరువు. మాకు మిగిలిన రెండు వారాల పనికి ఈ బిల్లు కట్టింది వేరేవాళ్ళు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అంటారే, అదీ. పైగా దానం చేసిన అల్లుడికి మంచి పేరు కూడా.

రియాక్ట్ సంగతే చూడండి. ఫేస్‌బుక్ దాన్ని 2013 మే నెలలో ఒక జావాస్క్రిప్ట్ సదస్సులో అందరి ముందూ పెట్టింది. వచ్చిన స్పందనలో వెటకారమే ఎక్కువ. జావాస్క్రిప్ట్ మధ్యలో హెచ్‌టీఎంఎల్ లాంటిది కలిపి రాయడమేమిటి, ఇన్నేళ్ళు రెండిటినీ విడివిడిగా ఉంచమని నేర్పింది ఇందుకా అని. ఏడాది రెండేళ్ళలో ఆ నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే లోపల ఉన్నది నిజంగా మంచి ఆలోచన. అంతకుముందు జేక్వెరీతో రాసేటప్పుడు, ఏ నొక్కుకి ఏ మూల ఏం మారాలో ప్రతిదీ చేత్తో చెప్పుకోవాల్సి వచ్చేది. ఒకటి మర్చిపోతే బుట్టలో మూడు వస్తువులుంటే పైన రెండే అని చూపించేది. రియాక్ట్ ఏమందంటే, డేటా ఇలా ఉంటే తెర ఎలా ఉండాలో మీరు చెప్పండి, ఎక్కడేం మార్చాలో నేను చూసుకుంటాను అంది. జేక్వెరీ చిక్కుల్లో రాత్రిళ్ళు గడిపినవాళ్ళకి ఈ మాట ఎంత ఊరటో నాకు బాగా తెలుసు.

కాస్త అదృష్టమూ తోడైంది. ఎదుటి జట్టు గూగుల్ వారి యాంగ్యులర్. 2014 అక్టోబరులో వాళ్ళు రెండో కూర్పు ప్రకటించారు, మొదటిదానికీ దీనికీ పొత్తు లేదన్నారు, చివరికి అది 2016 సెప్టెంబరులో విడుదలైంది. మధ్యలో రెండేళ్ళు. పాతది నేర్చుకున్నవాళ్ళు త్రిశంకు స్వర్గంలో వేలాడారు. అందులో చాలామంది దిగి రియాక్ట్ గుమ్మం తొక్కారు.

ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే ఘట్టం 2017ది. రియాక్ట్ లైసెన్సుకి పేటెంట్ల గురించి ఒక తోక ఉండేది. స్థూలంగా, ఫేస్‌బుక్ మీద పేటెంట్ దావా వేస్తే రియాక్ట్ విషయంలో మీకిచ్చిన పేటెంట్ హక్కులు పోతాయి అన్నట్టు. ఆ జులైలో అపాచీ ఫౌండేషన్ ఇలాంటి లైసెన్సున్న కోడు తమ ప్రాజెక్టుల్లో కుదరదని చెప్పేసింది. సెప్టెంబరులో వర్డ్‌ప్రెస్ పెద్ద మ్యాట్ ముల్లెన్‌వెగ్ మేమూ రియాక్ట్‌ని వదిలేస్తున్నాం అన్నాడు. అదే నెలలో ఫేస్‌బుక్ దిగొచ్చి, లైసెన్సు మార్చి, తోక కత్తిరించింది. మొత్తం రెండు నెలల పైచిలుకు వ్యవహారం.

అంటే ఈ లోకానికి పనిముట్టుని ఎదిరించడం చేతకాదని కాదు. నష్టం తన వైపు వస్తోందని తెలిస్తే ఫేస్‌బుక్ అంతటి కంపెనీ మెడ కూడా వంచగలదు. మరి అదే రియాక్ట్ చవక ఫోన్ల మీద బరువని అప్పటికే చెబుతూ ఉన్నవాళ్ళున్నారు. దానికోసం ఎవరూ మానేస్తామని ప్రకటించలేదు, ఎవరూ దిగిరాలేదు. లైసెన్సు వల్ల నష్టపోయేవాళ్ళు గదిలో ఉన్నారు, బరువు వల్ల నష్టపోయేవాళ్ళు గదిలో లేరు. తేడా అంతే.

అలాంటి ఒక గదిలో నేనూ కూర్చున్నాను, కొన్నేళ్ళ క్రితం. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం. జిల్లాల్లో ఉండేవాళ్ళు ఫోన్లో నింపాల్సిన ఒక దరఖాస్తు. ఏడు పేజీలు, పేరూ ఊరూ, రెండు ఫొటోలు. దీనికి ఫ్రేమ్‌వర్క్ అక్కర్లేదు, మామూలు హెచ్‌టీఎంఎల్ ఫారాలు చాలు, నెట్‌వర్క్ బలహీనంగా ఉన్నా నడుస్తుంది అన్నాను. ఎవరూ వెక్కిరించలేదు. మా లీడ్ ఓపిగ్గా విని, “నువ్వు చెప్పేది కరెక్టే. కానీ రేపు నువ్వు మానేస్తే దీన్ని ఎవరు చూస్తారు? రియాక్ట్ అంటే వారంలో మనిషి దొరుకుతాడు” అన్నాడు. ఇంకొకాయన, “ఇప్పుడు ఏడు పేజీలే అంటారు సార్, ఆరు నెలలాగండి, డాష్‌బోర్డ్ అడుగుతారు” అన్నాడు. ఆయన మాట నిజమైంది కూడా, ఆరు నెలలు కాదు, నాలుగు నెలలకే అడిగారు.

చూడండి, ఇందులో ఒక్కటి కూడా చెడ్డ కారణం కాదు. మనుషులు దొరకని సైటు మూతపడుతుంది, మూతపడ్డ సైటు ఎవరి ఫోన్లోనూ తొందరగా తెరుచుకోదు. ఆ వాదనకి నా దగ్గర అప్పుడు పూర్తి జవాబు లేదు, ఇప్పుడూ లేదు. కానీ దాని ఆకారం గమనించదగ్గది. మనుషులు దొరుకుతారు కాబట్టి ఎంచుకుంటాం. అందరం ఎంచుకుంటాం కాబట్టి దాన్నే నేర్చుకుంటారు. నేర్చుకుంటారు కాబట్టి దొరుకుతారు. నలుగురితో నారాయణా అనడానికి ఎప్పుడూ మంచి కారణమే ఉంటుంది. ఆ నలుగురూ ఎవరో మాత్రం ఎప్పుడూ తేలదు, ఎందుకంటే మిగతా ముగ్గురికీ మనమే ఆ నలుగురిలో ఒకళ్ళం. బల్ల మీద ఆ రోజు ఎనిమిది ఫోన్లున్నాయి. అన్నీ ఖరీదైనవే. ఆ దరఖాస్తు నింపబోయే మనిషి చేతిలో ఉండేలాంటి ఫోను ఒక్కటీ లేదు.

మనుషులు దొరుకుతారన్నాం కదా, వాళ్ళు ఎక్కడినుంచి దొరుకుతారో హైదరాబాదులో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ ఒకసారి నడిస్తే, సాంకేతికతలు జనంలోకి ఎలా పోతాయో రోజర్స్ పుస్తకంలో లేని అధ్యాయం ఒకటి ఫ్లెక్సీల మీద చదవచ్చు. వైటూకే కాలంలో మెయిన్‌ఫ్రేములు, కోబాల్. తర్వాత జావా, డాట్‌నెట్, ఒరాకిల్, శాప్, టెస్టింగ్ టూల్స్, హడూప్. ఇప్పుడు ఫుల్ స్టాక్. పాత ఫ్లెక్సీ మీదే కొత్తది కడతారు, గాలికి అంచు లేస్తే కింద పాత పేరు కనబడుతుంది. డెమో క్లాసు ఉచితం. జిరాక్స్ షాపుల్లో మాస్టారి చేతిరాత నోట్సు బైండు చేసి అమ్ముతారు. ఎస్సార్ నగర్ హాస్టళ్ళలో ముగ్గురుండే గదిలో నలుగురుండి, ఆ నోట్సు మీద కొన్ని వేల రూపాయలూ, కొన్ని నెలల వయసూ పెట్టే కుర్రాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే. “అన్నా, ఏది నేర్చుకుంటే జాబ్ వస్తది?” ఈమధ్య క్లాసులు చాలావరకు ఆన్‌లైన్‌కి పోయాయి గానీ, ప్రశ్న మాత్రం మారలేదు.

ఆ ప్రశ్నలో ఏది మంచిదన్న మాటే ఉండదు. ఉండాలని అడిగే హక్కు నాకు లేదు. అతను పనిముట్టుని బేరీజు వేయడం లేదు, పందెం కాస్తున్నాడు. అదీ ఇంట్లో వాళ్ళు అప్పు తెచ్చిన డబ్బుతో. రోజర్స్ గీతలో అతను ‘స్వీకరించినవాడి’ కిందే లెక్క, కానీ పైన ఆఫీసుల్లో కూర్చున్న మేము ఒక నిర్ణయం తీసుకుంటే దాని నీడ అతని మీద రెండేళ్ళ తర్వాత పడుతుంది. యాంగ్యులర్ మొదటి కూర్పు కోర్సు పూర్తిచేసి, ఇంటర్వ్యూకి వెళ్ళేసరికి రెండోది వచ్చావా అని అడిగించుకున్నవాళ్ళు ఎందరో. మా రంగంలో పెద్దవాళ్ళకి ఒక ఊతపదం ఉంది, ‘నిత్యం నేర్చుకోవడమే ఈ ఫీల్డు ధర్మం’ అని. జీతం వస్తూ, కంపెనీ ఖర్చుతో, పనిగంటల్లో నేర్చుకునేవాడు ఈ మాట అనడం తేలిక. తమాషా ఏమిటంటే, చచ్చిపోయిందని పదేళ్ళుగా చెబుతున్న జేక్వెరీ ఇప్పటికీ వెబ్‌లో సగానికి పైగా సైట్లలో నడుస్తోంది. ఫ్లెక్సీ మీద మాత్రం దాని పేరు ఉండదు. అంటే ఆ కుర్రాడికి అందేది పని ఎలా జరుగుతోందన్న వార్త కాదు, ఏది మాట్లాడుకుంటున్నారన్న వార్త.

సరే, ఎవరి తప్పు? లాంగ్డన్ విన్నర్ అనే తత్వవేత్త, వస్తువులకి రాజకీయాలుంటాయా అని అడుగుతూ 1980లో రాసిన వ్యాసంలో కాలిఫోర్నియా టమాటాల కథ ఒకటుంది. అక్కడి విశ్వవిద్యాలయం పరిశోధకులు టమాటాలు కోసే యంత్రం తయారుచేశారు. ఒక్క దెబ్బతో వరస మొత్తం కోసేస్తుంది. అయితే ఆ కుదుపులకి మామూలు పండు చితికిపోతుంది, అందుకని గట్టి టమాటా రకాలు పుట్టించారు. అవి అంత రుచిగా ఉండవు. యంత్రం ఖరీదు వల్ల చిన్న రైతులు తట్టుకోలేకపోయారు. 1960ల మొదట్లో సుమారు 4,000 మంది టమాటా పండించేవాళ్ళుంటే, 1973కి దాదాపు 600 మంది మిగిలారు. దిగుబడి మాత్రం బాగా పెరిగింది. ఇందులో ఎవరి కుట్రా లేదంటాడు విన్నర్. పరిశోధకుడు తన పని తను చేశాడు, రైతు తన లెక్క తను వేసుకున్నాడు. ఎవరి మటుకు వాళ్ళు బుద్ధిగానే ఉన్నారు, కలిసొచ్చిన ఫలితం మాత్రం ఒకే వైపు మొగ్గింది.

నన్ను పట్టుకున్నది ఆ గట్టి టమాటా. యంత్రం పండుకి తగ్గట్టు మారలేదు, పండే యంత్రానికి తగ్గట్టు మారింది. ఆ తర్వాత తినేవాడి నాలుక మారింది. తెల్ల తెర మీద తిరిగే చక్రం చూస్తూ కూర్చోవడం ఇంటర్నెట్ స్వభావం అని ఇవాళ మనం నమ్ముతున్నట్టే, టమాటా అంటే ఇంతే కాబోలు అని అక్కడి పిల్లలూ అనుకుని ఉంటారు.

కుట్ర లేకపోతే తప్పు లేదా అంటే, నాకలా అనిపించదు. మన గుళ్ళకి ధర్మకర్తలుంటారు. మాన్యం పొలం ఎవరికి కౌలుకివ్వాలో వాళ్ళే తేలుస్తారు, అందులో పొరపాట్లూ జరుగుతాయి. ధర్మకర్త పొరపాటు చేశాడని ఎవరూ తిట్టరు. ఆ పొలం తన సొంతం అన్నట్టు మాట్లాడిన రోజున తిడతారు. పనిముట్టు ఎంచుకునేవాడి స్థితీ ఇదే అనుకుంటాను. అతను తన తరఫున కాక, లేనివాళ్ళ తరఫున సరే అంటున్నాడు. రియాక్ట్ ఎంచుకోవడం పాపం కాదు, వద్దనడం పుణ్యమూ కాదు. ‘మాకు సుఖంగా ఉంది’ అన్నదాన్నే మొదటి కారణంగా చెప్పి, ఆ మాటని ‘ఇండస్ట్రీ స్టాండర్డ్’ అనే పట్టుబట్టలో చుట్టడం దగ్గరే నాకు అభ్యంతరం.

ఇది అమెరికా ఫోన్లూ టమాటాల గొడవేనా అంటే, తెలుగు చదువరులుగా మనం ఈ బిల్లు చాలాకాలం కట్టాం. యూనికోడ్‌లో తెలుగుకి 1991లో, మొదటి కూర్పులోనే చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉంది. అయినా ఆ తర్వాత ఏళ్ళ తరబడి పెద్ద పత్రికల సైట్లు ఎవరి ఫాంటు వాళ్ళదే అన్నట్టు నడిచాయి. అచ్చుకి అవసరమైన డీటీపీ పని అంతా పాత ఫాంట్లలో ఉండేది, దాన్నే తెచ్చి వెబ్‌లో పోయడం వాళ్ళకి సులువు. చదివేవాడు పత్రికకో ఫాంటు దించుకోవాలి. లేకపోతే తెర మీద పిచ్చి గుర్తులు. ఆ వార్త వెతికితే దొరకదు, తీసి ఇంకోచోట అతికిస్తే చదవడానికి రాదు. ఫైర్‌ఫాక్స్‌లో ‘పద్మ’ అనే పొడిగింత ఆ పాత ఫాంట్ల రాతని యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. తెలుగు టైపు చేయడానికి ‘లేఖిని’ ఉండేది. వీటిని చేసింది ఏ పత్రికా కాదు, ప్రభుత్వమూ కాదు, వాడుకునేవాళ్ళలోంచి వచ్చినవాళ్ళు, జీతం లేకుండా. అంటే పైవాళ్ళ సౌకర్యం కోసం పుట్టిన ఇబ్బందిని కిందివాళ్ళు తమ సాయంత్రాలు పెట్టి తీర్చుకున్నారు.

2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు చేరి, ఐఫోన్లని కూల్చేసిన సంగతి గుర్తుందా? మెసేజిలో ఆ అక్షరం వస్తే ఆ యాప్ మళ్ళీ తెరుచుకునేది కాదు. ప్రపంచమంతా సరదాగా ఒకరికొకరు పంపుకున్నారు, ఆపిల్ కొద్దిరోజుల్లోనే సరిచేసింది. జ్ఞానంలో మొదటి అక్షరమే కావడం ఎవరో కావాలని రాసిన కథలా ఉంటుంది. అది తెలుగు రానివాళ్ళ ఫోన్లని కూడా కూల్చింది కాబట్టి అంత తొందరగా బాగుపడిందని నా అనుమానం. మన ఒక్కళ్ళకే వచ్చిన తెగులైతే ఏమయ్యేదో.

ఇక్కడిదాకా చదివితే నేను కొత్తదానికి అడ్డం అనిపించవచ్చు. కాదు. హెచ్‌టీటీపీఎస్ కథ ఇంకోలా నడిచింది. 2010లో ఫైర్‌షీప్ అనే పొడిగింత ఒకటి వచ్చింది. కాఫీ షాపు వైఫైలో పక్కబల్ల మనిషి ఖాతాలోకి ఎవరైనా ఎంత తేలిగ్గా దూరచ్చో అది చూపించింది. గుప్తీకరణ కావాలని అప్పటికి అందరికీ తెలుసు. అయినా చిన్న సైట్లవాళ్ళు మారలేదు, ఎందుకంటే సర్టిఫికెట్టుకి ఏటా డబ్బు కట్టాలి, అది ఎక్కించడం తలనొప్పి, లాభమేమో చదివేవాళ్ళది. ఇదే రియాక్ట్ లెక్క, తలకిందులుగా. 2015 చివర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ సర్టిఫికెట్లు ఉచితంగా, రెండు ఆజ్ఞలతో అయిపోయేట్టు ఇవ్వడం మొదలుపెట్టింది. 2018 జులై నుంచి క్రోమ్ బ్రౌజర్, మారని ప్రతి సైటు పక్కనా ‘సురక్షితం కాదు’ అని రాయడం మొదలెట్టింది. ఆ తర్వాత ఎవరికీ నీతి బోధించాల్సిన పని పడలేదు. మంచిపని అందరికంటే చవకైన పని అయిపోయింది.

కాబట్టి ఎంచుకునేవాడి మనస్సాక్షి మీద నాకు పెద్ద ఆశల్లేవు. ఎక్కువమంది ఎంచుకోరు, ముందే పెట్టి ఉన్నదాన్ని తీసుకుంటారు. బాధ్యత ఎక్కువున్నది ఆ ముందే పెట్టేవాళ్ళ మీద. 2016లో ఫేస్‌బుక్ వాళ్ళు ఇచ్చిన క్రియేట్ రియాక్ట్ యాప్‌లో ఒక చిన్న సదుపాయం ఉండేది. పేజీలో బొమ్మ పెట్టి, చూపులేనివాళ్ళకి చదివి వినిపించే వర్ణన రాయకపోతే, హెచ్చరిక వచ్చేది. అంతకుముందు ఈ విషయం మీద నేను విన్న ఉపన్యాసాలన్నిటికంటే ఆ పసుప్పచ్చ వాక్యం వల్ల మా జట్టులో ఎక్కువ వర్ణనలు పుట్టాయి. కొన్ని మరీ ‘బొమ్మ’, ‘బొమ్మ 2’ అని ఉండేవనుకోండి. అయినా ఇంకా ఎంత దూరం ఉందో చూడాలంటే, వెబ్ఎయిమ్ అనే సంస్థ ఏటా పది లక్షల హోంపేజీలు పరీక్షిస్తుంది. యంత్రం పట్టుకోగల లోపాలే, 2019లో 97.8 శాతం పేజీల్లో కనబడ్డాయి. 2024లో 95.9. ఆ ఐదేళ్ళలో మేం ఎన్ని ఫ్రేమ్‌వర్కులు మార్చామో చెబితే నవ్వుతారు.

ఇప్పుడు ఆ ముందే పెట్టేవాళ్ళు కూడా మారుతున్నారు. ఏఐ సహాయకుల్ని ఒక పేజీ చేసిపెట్టమంటే, మనం ప్రత్యేకంగా చెప్పకపోతే, చాలాసార్లు రియాక్ట్‌లోనే చేసి ఇస్తున్నాయి. వెబ్‌లో అదే ఎక్కువ ఉంది, అవి నేర్చుకున్నదీ వెబ్‌నుంచే. అవి రాసింది మళ్ళీ వెబ్‌లోకే పోతుంది. రేపు ఎవరైనా ఇంతకంటే తేలికైన, చవక ఫోనుకి దయగల పనిముట్టు చేస్తే, దాని గురించి నమ్మించాల్సిన పక్క పొలం రైతు ఎవరు? రియాక్ట్‌ని చూసి నవ్వినవాళ్ళు కనీసం మనసు మార్చుకోగలిగారు.

పోయిన నెల మా జట్టులో కొత్తగా చేరిన అమ్మాయి ఒక సమాచార పేజీ చేసింది. నాలుగు పేరాలు, ఒక పట్టిక, ఒక ఫోన్ నంబరు. దీనికి రియాక్ట్ ఎందుకమ్మా అని అడిగాను. తప్పు పట్టాలని కాదు, తన కారణం ఏమిటో వినాలని. మా కాలంలో అయితే దానికి కనీసం ఒక మీటింగు ఉండేది, ఎనిమిది మంది ఏవో కారణాలు చెప్పేవాళ్ళు. ఆ అమ్మాయి నిజాయితీగా ఆశ్చర్యపోయింది. “నేనేం సెలెక్ట్ చేయలేదండీ, అదే ఇచ్చింది” అంది.